సాక్ష్యం చెప్పినందుకు

పార్సిళ్ల గోదాము గేటు దగ్గర, పొద్దుటి షిఫ్టు జనమంతా చూస్తుండగా, సెక్యూరిటీవాడు వెర్నెల్ మెడలోంచి బ్యాడ్జీ తీసేశాడు.

"మనసు బాలేని మనిషి పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడపకూడదంట. బాగయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. జీతం ఉండదు."

మనసు బాలేదన్న మాట వెర్నెల్ ఒక్కచోటే చెప్పింది.

అమెరికాలో, మెంఫిస్‌లోని ఆ గోదాములో బరువులు మోసేది నల్లవాళ్లు, అద్దాల గదిలో కూర్చునేది తెల్లవాళ్లు. జూలై వేడికి తోటి పనివాడు డిల్లార్డ్ పార్సిళ్ల మీదే కూలిపోయి చచ్చిపోతే, పెట్టెల్ని లాక్కెళ్లే బెల్టు కూడా ఆపలేదు. జనం గొణిగారు. అప్పుడు పుట్టుకొచ్చింది కంపెనీకి నల్లవాళ్ల మనసుల మీద ప్రేమ! భోజనాల గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి, డోనట్లు పెట్టి, మనసు విప్పి మాట్లాడుకోండి, ఇక్కడి మాట ఇక్కడే అన్నారు. కూటం నడిపింది కెల్విన్. కొత్తగా సూపర్‌వైజరైనవాడు, నల్లవాడే, వాళ్లలో ఒకడే. ఆదివారం చర్చిలో వెర్నెల్ పక్కన నిలబడి పాడేవాడు.

అదే ఆమె కొంప ముంచింది. చుట్టూ తనవాళ్లు, ఎదురుగా కెల్విన్. చర్చిలో జరిగే బుధవారం ప్రార్థన కూటమే అనుకుంది పిచ్చిది. అక్కడ దేవుడి ముందు గోడు చెప్పుకున్నట్టే లేచి సాక్ష్యం చెప్పింది. డిల్లార్డ్ పోయినప్పటి నుంచి షిఫ్టుకు ముందు కారులో కూర్చుని ఏడుస్తున్నానంది. "చెప్పు సిస్టర్, వింటున్నాం" అని, చర్చిలో పలికినట్టే, అందరికంటే గట్టిగా పలికింది కెల్వినే. విన్నాడు. విని, తీసుకెళ్లి అద్దాల గదిలో వడ్డించాడు.

గేటు దగ్గరి గుంపులోంచి ముసలి రూబెన్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మాతో నడువమ్మా. ఎవడాపుతాడో చూద్దాం."

గుంపును చూసి సెక్యూరిటీవాడు పక్కకు తప్పుకున్నాడు. అందరూ భోజనాల గదిలోకి వెళ్లి అవే కుర్చీల్లో కూర్చున్నారు. కెల్విన్ పరుగెత్తుకొచ్చాడు.

"వెర్నెల్, నీ మంచికే చెప్పా. కాస్త రెస్టు దొరుకుతుందని..."

"జీతం లేని రెస్టా? నా ఇంటద్దె నువ్వు కడతావా?"

"ఇకమీదట నోరు మూసుకుంటే సరి" అంది పక్క కుర్చీలోని తమీషా. "నాకిద్దరు పిల్లలు."

"నోరు మూసుకునే కదా డిల్లార్డ్‌ను మట్టిలో పెట్టాం" అన్నాడు రూబెన్. లేచి నిలబడ్డాడు. "నేనూ ఏడుస్తా కారులో. నాకూ మనసు బాలేదు. నన్నూ పంపించు."

"చెప్పు బ్రదర్, వింటున్నాం!" గది మోగింది.

తమీషా కూడా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నాకు కారు లేదు. బస్సులో ఏడుస్తా."

నవ్వారు, ఏడ్చారు. ఒకరి వెంట ఒకరు లేచారు. వెర్నెల్‌ను పనిలోకి తీసుకోవాలి, రెస్టుకు జీతమివ్వాలి, వేడి ముదిరితే బెల్టు ఆపాలి. అంతదాకా ఒక్క పెట్టె కూడా కదలదన్నారు. బయట బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

అప్పుడు కెల్విన్ ఒక కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "డిల్లార్డ్ నా చేతుల్లోనే పోయాడు. నాకూ నిద్ర పట్టడం లేదు."

ఈసారి "చెప్పు బ్రదర్" అని ఎవరూ పలకలేదు. అలవాటుకొద్దీ వెర్నెల్ పెదవులు కదిలాయి. గట్టిగా బిగించుకుంది. ఆమెకు అతని మీద జాలేసింది, జాలేసినందుకు ఒళ్లు మండింది.

"నా మాట పైకి మోసుకెళ్లావుగా" అంది. "ఇదీ వెళ్లి ఆ అద్దాల గదివాళ్లకే చెప్పు. చెప్పి రా. అప్పుడు వింటాం."