ఖాళీ కుర్చీలో బాల గుండె

పోదనూరు బస్సు దిగి బాల వీధి మలుపు తిరిగేలోపే పిల్లల ఆసుపత్రి వాచ్‌మన్ గేటు తీసేవాడు. చంటిబిడ్డగా ఆపరేషన్ అయినప్పటి నుంచి బాల గుండె చప్పుడు వీధంతా వినబడేది. ఎవరికీ అది వింత కాదు. పరీక్షల రోజుల్లో మాత్రం పక్కింటివాళ్లు, "కొంచెం కిటికీ వేసుకో తంబి" అనేవాళ్లు.

బాలకు పద్దెనిమిదేళ్లు నిండినాయి. ఇక పెద్దల ఆసుపత్రికి మారాలి. పిల్లల ఆసుపత్రి నర్సు కృష్ణమ్మాళ్ ఏడాదిగా అతన్ని అందుకే తయారుచేస్తోంది. డాక్టరు ఏది అడిగినా తల్లి రామక్కాళే జవాబు చెప్పేది. కృష్ణమ్మాళ్ ఆమెను బయట కూర్చోబెట్టి వచ్చి, "ఇప్పుడు నువ్వు చెప్పు సామీ. ఏ మాత్ర ఎందుకు వేసుకొంటావు?" అనేది. మొదట్లో బాల తలుపు వైపు చూసేవాడు. రానురాను తడబడుతూనైనా చెప్పసాగాడు.

పెద్దల ఆసుపత్రికి ఒక్కడే పోతానని తనే పట్టుబట్టాడు. అక్కడ వరండా నిండా ముసలివాళ్లు. పక్కన కూర్చున్న పెద్దాయన దగ్గుతూ, "ఈ వయసుకేనా నాయినా?" అని జాలిపడ్డాడు. పేరు పిలవకముందే బాల లేచి వెళ్లిపోయాడు.

చప్పుడు మాత్రం అతనితో పోలేదు. కుర్చీలోనే ఉండిపోయింది.

అక్కడి నర్సు జగన్నాథన్ అటుగా పోతూ ఆగి విన్నాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎక్కడో లయ తప్పుతోంది. ఇంత చిన్నవయసు గుండె ఎవరిదో అడుగుదామని పిల్లల ఆసుపత్రికి ఫోను చేసి, ఫోనును కుర్చీలో పెట్టాడు.

"మా బాలదే," అంది కృష్ణమ్మాళ్. "ఎన్నడూ ఇట్ల తప్పలేదన్నా!"

వెంటనే బాలకు ఫోను చేసింది.

"ఎక్కడ ఉండావు?"

"బస్టాపులో. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదక్కా."

"నీ కోసం ఒక అన్న నువ్వు కూర్చున్న కుర్చీ పక్కనే నిలబడి ఉండాడు. తిరిగి పో కన్నా. నేనూ బయలుదేరినాను."

బాల తిరిగి రాగానే జగన్నాథన్ అతన్ని లోపలికి తీసుకుపోయాడు. ఈసీజీ కాగితం చూసి డాక్టరమ్మ, "ఆయాసం ఎన్నాళ్లుగా?" అని అడిగింది.

బాల ఈసారి తలుపు వైపు చూడలేదు. "నెలగా మేడం. అమ్మకు చెప్పలేదు. మళ్లీ కోస్తారని భయం."

"కోసే పని లేదు. ఇప్పుడైతే మందుతో కుదురుకుంటుంది. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేది."

కృష్ణమ్మాళ్ వచ్చేలోపే అతన్ని వార్డులో చేర్చుకున్నారు. పరుపు సర్దుతున్న జగన్నాథన్‌ను బాల, "వచ్చే నెల వస్తే మీరుంటారా అన్నా?" అని అడిగాడు.

"ఉంటాను. నేను లేకపోయినా, వచ్చి నీ పేరు చెప్పు తంబి. చాలు."