చెరిగిన మట్టి

మొగులమ్మ కొయ్య సుత్తిని నాలుగోసారి ఎత్తేసరికి కుడి భుజం కలుక్కుమంది. ఎడమ చేతికి మార్చుకుని మళ్లీ కొట్టింది. మట్టిగడ్డ పగిలింది. పటాన్‌చెరులోని ఆ మట్టి పరీక్షల ప్రయోగశాల వెనక వరండాలో పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఇదే. ఎండిన మట్టిని చిదపడం, జల్లెడ పట్టడం, కలిపి పొట్లాలు కట్టడం. లోపల చల్లని గదిలో ఉండే మిషన్లు ఆమెను ఎన్నడూ చూడలేదు. వాటిని చూడాలని ఆమె కూడా ముచ్చటపడలేదు.

పొట్టి మనిషి. యాభై ఏడేళ్లు. కనుబొమల్లో, ముక్కుపుల్ల చుట్టూ, మెడ ముడతల్లో ఎర్రటి దుమ్ము. లక్డారంలో ఇంటికి వెళ్లి ఎంత రుద్దుకున్నా తలదిండు ఎర్రగానే ఉంటుంది. "నువ్వు పండుకున్న దిండు మీద నాట్లెయ్యొచ్చు" అనేవాడు భర్త. ఆయన పోయి ఆరేళ్లయింది. దిండు ఉంది.

మూడు నెలలుగా వస్తున్న మట్టి మామూలుది కాదు. ఎప్పుడో ఏవో దేశాలు బాంబులు పేల్చి చూసుకున్నప్పుడు గాలిలో కలిసి, వానతో నేలకు దిగిన ప్లుటోనియం ఆనవాలు పొలాల్లో ఇంకా ఉందట. అది ఎంతుందో కొలిస్తే పైమట్టి ఎంత కొట్టుకుపోయిందో తెలుస్తుందట. చిక్కేమిటంటే, ఒకే గోనెలోని మట్టిని పది పొట్లాలు కట్టి పంపితే పది రకాల అంకెలు వస్తున్నాయి. కొలిచే సత్యశ్రీ మిషన్‌ను విప్పించింది, రసాయనాలు మార్చింది, ఎవరికీ చెప్పకుండా ఒక మొక్కు కూడా మొక్కుకుంది. మేనేజర్ మధుబాబు తేల్చేశాడు. ఈ చివరి పది పొట్లాల అంకెలు కూడా ఒకదానితో ఒకటి సరిపోలకపోతే ఆ పని ఇంకో చోటికి పోతుంది. ఆ పది పొట్లాలు కట్టే రోజుతోనే ముగిసే మొగులమ్మ కాంట్రాక్టును పొడిగించే మాటా ఉండదు.

అందుకే సత్యశ్రీ మొదటిసారి వెనక వరండాలోకి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి పెద్దమ్మా. నేను ఊరికే చూస్తుంటాను."

"సూడు బిడ్డా. జెర ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకో."

మొగులమ్మ మట్టిని జల్లించింది. సన్నటి గడ్డిపరకలు, వేళ్ల తునకలు మట్టితోపాటే జల్లెడలోంచి జారాయి. గోడకు ఆనించిన చాట తీసి, ఆ మట్టి పోసుకుని, గాలివాటం చూసుకుని చెరగడం మొదలుపెట్టింది. మణికట్టు ఒక్క విదిలింపుకు మట్టి పైకి లేచింది. గడ్డి చాట అంచుకు చేరింది. మెత్తటి పొడి పొగలా వరండా దాటి హైవే వైపు సాగిపోయింది.

సత్యశ్రీ లేచి నిలబడింది. "అదేంటి?"

"చెరుగుతున్న."

"ఎందుకు?"

పద్దెనిమిదేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఎందుకేంది బిడ్డా? గడ్డీగిడ్డీ పోవద్దా? బియ్యంల చెత్త ఉంటె గట్లనే వండుతవా?"

"హాస్టల్లో అలాగే వండేవాళ్లు" అంది సత్యశ్రీ నీరసంగా. "అన్ని పొట్లాలకూ చెరుగుతారా?"

"అన్నిటికి. గాలి మంచిగుంటె జల్దీ అయితది. లేకుంటె లేటు."

సత్యశ్రీ మళ్లీ బకెట్ మీద కూలబడింది. ప్లుటోనియం ఎక్కువగా పట్టుకుని ఉండేది ఆ మెత్తటి పొడినే. గాలిని బట్టి అది ఒక్కో పొట్లంలో ఒక్కోలా మిగులుతోంది. మూడు నెలలుగా ఆమె కొలుస్తున్నది మట్టిని కాదు, పటాన్‌చెరు గాలిని. సంగతంతా నిదానంగా విడమర్చి చెప్పింది.

మొగులమ్మ చాట కింద పెట్టింది. "అంటె, తప్పు మిషన్‌ది గాదు."

"కాదు."

"పాపం, మూడు నెల్లు దాన్ని తిట్టించిన."

"మట్టిలో తేమ తేడా వచ్చిందని రాసేస్తాను. మీ ఊసు రాకుండా."

"గట్ల రాస్తె రేపు ఇంకొకామె వచ్చి నా లెక్కనే చెరుగుతది. ఉన్నది రాయి."

"రాస్తే మిమ్మల్ని ఉంచరు పెద్దమ్మా."

"ఎరుకే." మొగులమ్మ అటు తిరిగి జల్లెడ అందుకుంది. "ఇగ ఈ పది కానియ్యి."

ఆ పదింటినీ చెరగకుండా కలిపింది. పళ్లెంలో కుప్ప పోసి, అరచేతి అంచుతో నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు తీసి పొట్లాలు కట్టింది. చుట్టాల విస్తట్లో రాళ్లన్నం వడ్డిస్తున్నంత సిగ్గుగా ఉంది ఆమెకు. ఒకటి రెండుసార్లు చెయ్యి చాట వైపు పోయింది. చీర కుచ్చెళ్లకు తుడుచుకుని వెనక్కి తెచ్చుకుంది.

మధ్యాహ్నం సత్యశ్రీ రాసిచ్చిన రిపోర్టు చదివి మధుబాబు మొగులమ్మను పిలిపించాడు. గట్టిగా ఏమీ అనలేదు. "కలిపే మిషన్ ఒకటి తెప్పిస్తున్నాం మొగులమ్మా. అదయితే చెరగదు."

"దుమ్ముకు దగ్గదు గూడ సార్" అంది మొగులమ్మ.

ఐదింటికి చేతులు, కాళ్లు, మొహం కడుక్కుంది. చాట ఆమె సొంతం. చంకలో పెట్టుకుంది. లోపల చల్లగదిలో ఉన్న సత్యశ్రీకి పోయొస్తానని చెబుదామని తలుపుదాకా వెళ్లింది. తలుపు అద్దంలోంచి ఆ పిల్ల పనిలో తల వంచుకుని కనిపించింది. చెప్పకుండానే వెళ్లి బస్సెక్కింది.

వారం తర్వాత పది అంకెలూ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చున్నాయి. ఎవరికైనా చెప్పాలని సత్యశ్రీ కాగితం పట్టుకుని వెనక వరండాలోకి వచ్చింది. కొత్త మిషన్ ఇంకా రాలేదు. పళ్లెంలో చివరి కుప్ప తాలూకు రెండు పాళ్లు అలాగే మిగిలి ఉన్నాయి, ఒక దాని మీద సన్నటి గడ్డిపరకతో.