పొరుగూరి ఆటకు ఐదో గని డప్పు

నేను ఒక డప్పును. ముందే చెబుతున్నాను, పక్కన ఇంకో వాయిద్యం ఉంటే ఒదిగి కూర్చునే రకం కాదు. నన్ను కొడితే పక్క వాడ లేచి కూర్చోవాలి. లేవలేదంటే కొట్టినవాడికి చేతకాలేదు, లేదా నన్ను సరిగ్గా కాచలేదు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు నేను సికింద్రాబాదులో ఒక ఆట మైదానం గోడ బయట, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర, నిప్పుల సెగకు మొహం పెట్టి ఉన్నాను. మూడు గంటలకు లోపల ఫుట్‌బాల్ ఆట. రెండో డివిజన్. పేపరు వాళ్ళు రాయరు, టీవీ వాళ్ళు రారు. రాకపోతే మానె. మా ఐదో గని జట్టు ఆడుతోంది. గెలిచినా, సమానంగా నిలిచినా డివిజన్‌లో ఉంటాం. ఓడితే కిందికి పోతాం.

నాకు ఇంకో ముప్పు కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

నన్ను చేసినవాడి పేరు ఓదెలు. మేకతోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, వేపచెక్క చట్రానికి చింతగింజల జిగురుతో అతికించి బిగించాడు. తోలు నానేటప్పుడు కంపు అని ముక్కు మూసుకుని దూరంగా నడిచినవాళ్ళే పెళ్ళి కుదరగానే వచ్చి, "ఓదెలూ, డప్పు పట్టుకొని పొద్దుగాల్నే రావాలె" అన్నారు. మనుషుల తీరు నేను అప్పుడే చూశాను. వాళ్ళకు చప్పుడు కావాలి. తోలు వద్దు. దాన్ని చేసిన చెయ్యి అసలే వద్దు. ఊళ్ళో నాతో దండోరా వేయించారు. మాట దొరది, గొంతు ఓదెలుది, దెబ్బలు నావి. పెళ్ళికి నేనే, చావుకు నేనే, దేవర ఊరేగింపుకు నేనే. పని అయ్యాక మాత్రం నన్ను ఊరి బయట పెట్టమనేవారు.

ఓదెలు మేనల్లుడు మొండయ్యకు బొగ్గు గనిలో పని దొరికింది. పోతూ పోతూ నన్ను చంకన పెట్టుకుని పోయాడు. నా బతుకు అక్కడ మారింది. గని గేటు ముందు సమ్మె జరిగితే ముందు వరసలో నేనే. లాఠీ తగిలిన గుర్తు ఇప్పటికీ నా చెక్క మీద ఉంది. ఎవరైనా అడిగితే చూపిస్తాను, అడగకపోయినా చూపిస్తాను.

షిఫ్టు దిగిన మనుషులు మొహం కూడా కడుక్కోకుండా బొగ్గు కుప్పల పక్కన బంతి ఆడేవారు. వాళ్ళే ఐదో గని జట్టు అయ్యారు. మొండయ్య నన్ను ఆ గట్టు మీదికి తెచ్చాడు. మా జట్టుకు ఒక రివాజు ఉంది, వేరే ఏ ఊరి జట్టుకూ ఉండదు. ఎదుటివాడు గోల్ వేస్తే మిగతా జట్ల జనం నోరు మూసుకుంటారు. మేం అప్పుడే గట్టిగా కొడతాం.

ఎందుకో చెబుతాను. ఒకసారి గని లోపల పైకప్పు కూలి కొందరు అవతల చిక్కుకున్నారు. వాళ్ళు నీళ్ళ పైపు మీద రాయితో కొట్టారు. ఇవతల మొండయ్య అదే పైపు మీద సుత్తితో తిరిగి కొట్టాడు. మట్టి తీసేదాకా ఆ చప్పుడు ఆపలేదు. ఆపితే లోపలివాళ్ళు, మనల్ని వదిలేసి పోయారు అనుకుంటారు. ఆ రోజు ప్రాణాలతో బయటికి వచ్చినవాళ్ళలో ఒకడి కొడుకు పోశం. వాడే ఇప్పుడు మా గోల్‌కీపర్. గోల్ తిన్న కీపర్ గనిలో చిక్కుకున్న మనిషిలాంటివాడు. మేమున్నాం అని వాడికి వినపడాలి. అదీ మా రివాజు. గని ఎప్పుడో మూసేశారు. దాని గుర్తుగా మిగిలింది ఈ జట్టు, ఈ చప్పుడు, అంతే.

ఇక పోయినేడు ఏమైందో వినండి. ఇదే మైదానం, ఎండ మండిపోతున్న రోజు. మా క్లబ్బు సెక్రటరీ గట్టయ్య మంచివాడే, నా మీద ప్రేమ ఉన్నవాడే. ఆ ప్రేమే కొంప ముంచింది. "గింత ఎండకు తోలు పలుగుతది" అని, నన్ను బస్సు కింద సామాను పెట్టే అరలో, ఆటగాళ్ళ దెబ్బలకు తెచ్చిన ఐసు డబ్బా మీద పడుకోబెట్టాడు. ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకున్నంత జాగ్రత్తగా! దారంతా ఐసు కరిగింది, నేను తాగాను. తోలు పాత సంచిలా వేలాడింది. గేటు దగ్గర అగ్గిపెట్టెలు గుంజుకున్నారు, లోపల కాచుకునే వీలు లేదు.

మా మీద మొదటి గోల్ పడింది. మొండయ్య కొట్టాడు. నేను "బొద్దు" అన్నాను. రెండోసారి కొట్టాడు. మళ్ళీ "బొద్దు". పోశం గోల్ ముందు నిలబడి మా వైపు చూశాడు. వాడికి ఏమీ వినపడలేదు. అవతలి జనంలోంచి ఒకడు అరిచాడు: "ఏం కాకా, ఎవరు సచ్చిండ్రు? పాడె గిట్ల కట్టాల్నా?" అందరూ నవ్వారు. రెండో గోల్ పడింది. ఓడిపోయాం.

తిరిగి వచ్చాక క్లబ్బులో మీటింగు పెట్టారు. ఐసు డబ్బా మాట గట్టయ్య ఎత్తనే లేదు. "కాలం మారింది. సావు డప్పు పట్టుకొని పోతే సావు మాటలే పడతయ్. మంచి స్పీకరు డబ్బా కొందాం, బటన్ ఒత్తితే పాట" అన్నాడు. కొన్నాడు కూడా. మొండయ్యకు ఆ మధ్య నుంచి ఆయాసం ఎక్కువైంది, బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. వాదించే శక్తి లేదు. ఆయన కూతురు సరోజన లేచి నిలబడింది. కాలనీ బడిలో పిల్లలకు వంట చేస్తుంది, గొంతు నా అంత పెద్దది.

"ఒక్కసారి నాకియ్యుండ్రి. గదే గ్రౌండ్‌ల కొడత. లోపల పోశానికి ఇనవడకుంటే డప్పును మా ఇంట్లనే దాస్త, మీ డబ్బానే మోయుండ్రి."

"ఆడిపిల్లవు, పొరుగూర్లె డప్పు గొడ్తవా?" అన్నాడు గట్టయ్య.

మొండయ్య దగ్గు ఆపుకుని అన్నాడు: "గట్టయ్యా, మగోనివి నువ్వు దాన్ని ఐసు మీద పండవెట్టినవ్. ఆడిపిల్ల నిప్పుమీద పెడతనంటంది. ఎవలు నయం?"

మీటింగంతా గొల్లుమంది. ఒప్పందం కుదిరింది. నాకున్న ముప్పు అదే. ఈ రోజు పోశానికి వినపడితే నేను జట్టుతో ఉంటాను. వినపడకపోతే మొండయ్య ఇంట్లో మేకుకు వేలాడుతూ, బటన్ ఒత్తితే పాడే డబ్బా కూతలు వినాలి. అంతకంటే పెద్ద చావు డప్పుకు ఏముంటుంది?

పొద్దున మొండయ్య వాకిట్లో వరిగడ్డి మంట మీద నన్ను కాచాడు. రెండు పుల్లలూ, లావుదీ సన్నదీ, కూతురి చేతిలో పెట్టాడు. "ఎవలన్న నవ్వితే నవ్వనీ. చెయ్యి మాత్రం ఆపకు బిడ్డా" అన్నాడు. బస్సు దాకా రాలేకపోయాడు. గడప పట్టుకుని నిలబడ్డాడు.

దారంతా ముసురు. సరోజన నన్ను ఒళ్ళో పెట్టుకుని పైన దుప్పటి కప్పింది. అయినా తడి గాలికి తోలు మెల్లగా జారింది. ఆమె వేలితో తట్టి చూసి పెదవి కొరికింది.

బస్సు దిగగానే నేరుగా ఈ పొత్తుల బండి దగ్గరికి వచ్చింది. బండి యజమానురాలు బుచ్చమ్మ అవతలి జట్టు మనిషి, వాళ్ళ రంగు రుమాలు నెత్తికి కట్టుకుంటుంది. పోయినేడు మేం ఓడి ఇంటిదారి పడుతుంటే, "నా కాడికి తెస్తే కాచి ఇయ్యకపోదునా" అన్నది ఈమే.

"వచ్చినవా బిడ్డా! ఈసారి గూడ ఐస్‌ఫ్రూట్ జేసి తెచ్చిండ్రా?"

"లేదు పెద్దమ్మా. జర నిప్పియ్యి, నీకు పుణ్యముంటది."

"నిప్పియ్యనీకేంది, ఇస్త. గెలిచేది మాత్రం మావోళ్ళే."

"గెలువుండ్రి గెలువుండ్రి. మా లొల్లి భరించినంక గద గెలిచేది!"

బుచ్చమ్మ నవ్వి పొత్తులన్నీ ఒక పక్కకు జరిపింది. బొగ్గులు తడికి మసకబారి పొగ చిమ్ముతున్నాయి. నేను ఎదురుచూడనిది అప్పుడు జరిగింది. గట్టయ్య బస్సులోకి పోయి, స్పీకరు వచ్చిన అట్టపెట్టెను చింపి తెచ్చాడు. బండి ముందు గొంతుక్కూర్చుని ఆ అట్టతో విసరడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. "అట్ట మంచిగ గట్టిగున్నది" అన్నాడు, అంతే. మనుషులు తప్పును నోటితో ఒప్పుకోరు, చేతులతో ఒప్పుకుంటారు.

నిప్పులు ఎర్రబడ్డాయి. నా తోలు బిగుస్తోంది. ఓదెలు చేతి కిందినుంచి లేచిన రోజు ఎలా ఉన్నానో అలా ఉన్నాను. సరోజన నన్ను భుజానికి వేసుకుని గేటు వైపు నడిచింది. గేటు కాపలావాడు చూసి పళ్ళికిలించాడు.

"ఏందమ్మా, ఎవరన్న పోయిండ్రా?"

పోయినేటి మాటే. కాకపోతే ఈసారి జవాబు చెప్పే మనిషి వచ్చింది.

"ఎవలు పోలే అన్నా. మా పోరడు లోపలున్నడు. మేమీడ ఉన్నమని వానికి చెప్పాలె."

అని పుల్ల ఎత్తింది. ఒక్కటే దెబ్బ. గోడ మీది కాకులు లేచిపోయాయి. కాపలావాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. బుచ్చమ్మ "ఓ యమ్మా!" అంది. నేను మోగాను.

తర్వాత గోడ అవతల నుంచి, ఆటకు ముందు ఒళ్ళు కాచుకుంటున్న ఆటగాళ్ళ అరుపుల మధ్య నుంచి, ఇనుప గోల్ స్తంభాన్ని బూటుతో తన్నిన చప్పుడు వచ్చింది. టంగ్. కాసేపాగి మళ్ళీ, టంగ్.

పోశం. లోపలినుంచి తిరిగి కొడుతున్నాడు.

గట్టయ్య చేతిలో అట్ట అలాగే ఉండిపోయింది. సరోజన రెండో దెబ్బకు చెయ్యెత్తింది. ఆట ఇంకా మొదలే కాలేదు.