కుట్టుమిషన్ల దగ్గర ఆపుకున్నవాళ్ళు

గిన్నెలు తోమడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆమె ఆపుకుంటూనే ఉంది. ఈ రెండు గిన్నెలూ అయ్యాక బాత్రూమ్‌కి వెళ్దామనుకుంది. ఈలోగా అత్తగారు వేణ్ణీళ్ళు అడిగారు, భర్త టీ అడిగాడు, స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. చిత్రమేమిటంటే, ఆడవాళ్ళు ఇలా ఆపుకోవడం మీదే ఆమె పరిశోధన. బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర కూర్చునేవాళ్ళు సూపర్‌వైజర్‌కి భయపడి, మంచినీళ్ళు మానేసి, ఆపుకుని ఆపుకుని ఒంటిమీదికి ఏం తెచ్చుకుంటున్నారో తిరిగి తిరిగి కనుక్కుని రాసింది. తన సంగతి మాత్రం అందులో రాయలేదు. వంటింటిని ఫ్యాక్టరీ అని ఎవరంటారు?

వ్యాసం పెద్ద పరిశోధన పత్రికలో వచ్చింది. కాలేజీలో డిపార్ట్‌మెంట్ హెడ్ గారు అదంతా తన చలవే అన్నట్టు మీటింగులో మాట్లాడితే, ఆమె కింద కూర్చుని చప్పట్లు కొట్టింది. అలవాటే కదా.

ఈ పొద్దున మిషన్ అమ్మాయి ఫోన్ చేసింది. అందరికంటే ముందు సిగ్గు విడిచి నోరు విప్పింది ఆ పిల్లే.

"అక్కా, మీరు రాసింది ఫోన్లో తెరవబోతే డబ్బు కట్టమంటోంది. రేపు మేనేజర్ దగ్గరికెళ్తున్నాం, బాత్రూమ్‌కి వదలమని అడగడానికి. ఉత్తి మాటలైతే సాకులంటాడు."

"నీకు నేను పంపిస్తాలే."

"నాకొక్కదానికేనా? పక్క ఫ్యాక్టరీ వాళ్ళూ అడుగుతున్నారు. అయినా మేం చెప్పిందే కదక్కా అందులో ఉంది?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళ బాధను వాళ్ళకే అమ్ముతున్నారు, పైన తన పేరు పెట్టి.

లైబ్రరీ ఆవిడ ఎప్పుడో చెప్పింది. పత్రికకు పంపిన ప్రతిని కాలేజీ సైట్లో పెట్టుకోవచ్చట, పత్రికవాళ్ళు అభ్యంతరపెట్టరట, ఎవరైనా ఊరికే చదువుకోవచ్చట. తను ఊఁ అంటే చాలు. అప్పుడే అనేది కూడా. కానీ హెడ్ గారిని అడిగితే నవ్వి, "ఎవరు పడితే వాళ్ళు చదివితే ఇక దానికి విలువేముంటుందమ్మా?" అన్నారు. ఇంట్లో చెబితే భర్త పేపర్లోంచి తలెత్తలేదు. "ఇన్నాళ్ళూ ఇల్లు గాలికొదిలేసింది ఊరందరికీ పంచిపెట్టడానికా? ఆయనకి కోపం తెప్పించి ఉద్యోగం పోగొట్టుకోకు." ఇల్లు గాలికొదిలేసిందట! ఫ్యాక్టరీలో వాళ్ళని అడగాల్సిన ప్రశ్నలన్నీ వంటగట్టు మీదే రాసుకుంది, ఒక చేత్తో కూర కలుపుతూ. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాన్నీ ఆపుకుంది. ఎన్నని ఆపుకుంటుంది మనిషి?

తడిచేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. "పెట్టేయండి మేడమ్. మిషన్ల దగ్గర చదివి వినిపిద్దామని మామూలు మాటల్లో రాసిన రెండు పేజీలూ పంపిస్తున్నా, వాటినీ కలపండి" అని లైబ్రరీ ఆవిడకు పంపింది. హెడ్ గారి మొహం గుర్తొచ్చింది. భయం లేదని ఎవరన్నారు?

"ఏమైంది టీ?" ముందుగదిలోంచి భర్త కేకేశాడు.

"స్టవ్ మీద ఉంది. పోసుకోండి" అని, ఆమె బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.