దుర్గ్‌లో కదలని బండి

అప్పలనరసమ్మ రోజూ పొద్దున్నే కొడుకు యూనిఫాం నానబెట్టేది. నానబెట్టే ముందు జేబులు తడిమేది. భిలాయి సెక్టర్ 6కి వచ్చినప్పటి నుంచీ అదే అలవాటు. మొదట్లో మొగుడి జేబులు, ఇప్పుడు సురేశ్‌వి. ఈ నెలలో మూడుసార్లు సర్టిఫికెట్ల జెరాక్సులకి డబ్బు కట్టిన చీటీలు దొరికాయి. సర్టిఫికెట్లతో పనెవరికి? ఊరొదిలేవాడికే కదా!

"ఏటిరా ఇవి?"

"నువ్వు సీఐడీలో చేరాల్సిందమ్మా," అని నవ్వేసి సురేశ్ డ్యూటీకి పోయాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు.

సురేశ్, కోడలు భాగ్యరేఖ ఇద్దరిదీ ఉక్కు ఫ్యాక్టరీలో రైలు పట్టాల మిల్లే. అతను క్రేను నడుపుతాడు, ఆమె పట్టాల్లో లోపాలు పరీక్షిస్తుంది. ఆదివారాలు ఆమె దుర్గ్ అవతలి పల్లెలో ఎనిమిదిమంది ఆడపిల్లలకి వెల్డింగు నేర్పుతుంది. అక్కడ పని నేర్చినవాళ్లంతా వలసపోయారు. పంపు చెడితే బాగుచేసే దిక్కులేక మళ్లు ఎండుతున్నాయి. ఆ పిల్లలకి పరీక్ష వచ్చే నెల.

ఇక్కడో సంగతి చెప్పాలి. భిలాయి పట్టాలకి తమని చేసిన చేతులు గుర్తుంటాయి. పెళ్లికో, తద్దినానికో వెళ్తే ఊరుకుంటాయి. తిరిగి రాకూడదనుకుని రైలెక్కితే మాత్రం బండిని దుర్గ్‌లో కదలనివ్వవు. ఆ మనిషి దిగి, పట్టా మీద అరచెయ్యి పెట్టి మాట చెప్పుకోవాలి. ఏ పట్టాకి చెప్పినా ఒకటే, అన్నీ ఒక కొలిమి పిల్లలే. మాట నచ్చితే బండి వదులుతాయి. టైంటేబుల్లో దానికోసం పది నిమిషాలు కలిపే ఉంచారు.

గాజువాకలో పెళ్లి. ముగ్గురూ దుర్గ్‌లో విశాఖ బండెక్కారు. కూత వేసింది గానీ బండి కదల్లేదు.

అప్పలనరసమ్మ కొడుకు వైపు తిరిగింది. "దొరికావురా! విశాఖలో ఉద్యోగం చూసుకున్నావు కదూ?"

"నేనా? ఒట్టమ్మా!"

"దిగు."

సురేశ్ దిగాడు. పక్క లైను పట్టా మీద చెయ్యి పెట్టి, "నాలుగురోజుల్లో వచ్చేస్తాం," అన్నాడు. ఏమీ కాలేదు. పట్టాల మిల్లువాళ్లు ఇంకెవరున్నారని గార్డు విసుక్కుంటూ వచ్చాడు. "రైల్ మిల్ వాలా ఔర్ కోయీ హై క్యా?"

భాగ్యరేఖ చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంది. "ఆ జెరాక్సులు నావి అత్తయ్యా. ప్రమోషనుకని చెప్పి ఆయనచేత తీయించాను. విశాఖలో ఓడల కంపెనీ. సోమవారం చేరాలి. చేరాక చెబుదామనుకున్నాను."

అప్పలనరసమ్మ ఇన్నాళ్లూ కోడలి సంచి వైపు కన్నెత్తయినా చూడలేదు.

భాగ్యరేఖ దిగి పట్టా దగ్గర గొంతుక్కూచుంది. "నెలలో వస్తాను," అంది. పట్టా చల్లగా ఉండిపోయింది. "సరే, రాను. పన్నెండేళ్లు చేశాను, చాలదా?" బండి కదల్లేదు. కిటికీల్లోంచి జనం "దీదీ, జల్దీ!" అని కేకలు పెడుతున్నారు. ఆమె చెయ్యి తియ్యలేదు. "ఆ పిల్లల పరీక్ష అయ్యేదాకా ఉంటాను. తర్వాత నన్నాపకు."

బండి ఒక్క కుదుపుతో కదిలింది. సురేశ్ తలుపు వైపు పరిగెత్తాడు.

"ఎక్కకురా! దాని దగ్గరుండు. పెళ్లికి నేనొక్కదాన్నే పోతాను," అని అరిచింది అప్పలనరసమ్మ.

కిటికీ ముందు నుంచి జారిపోతూ భాగ్యరేఖ పిల్లలందరికీ కబురు పెట్టమని ఫోనులో చెబుతోంది: "హాఁ, సండే క్లాస్ హోగీ. సబ్‌కో బతా దేనా."

అప్పలనరసమ్మ కిందికి, వెనక్కి పరుగెడుతున్న పట్టాల వైపు చూసింది. భిలాయి వచ్చాక మొదటిసారి ఆమెకి మనుషుల మీద కాక ఇనుము మీద అనుమానం పుట్టింది. నెల తిరిగేసరికి కోడల్ని ఆపడానికి దీనికి ఇంకో ఎనిమిదిమంది పిల్లలు దొరకరా?