జమ్మి తొర్రలోని ప్రాణం

ఇరవై ఏడో మొక్కకు నీళ్లు పెట్టి హయాత్ బాషా పైపు ముందుకు లాగాడు. కుడి మోకాలు వంగదు. రాయచోటి నుంచి వచ్చి పదకొండేళ్లుగా గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా ఇసుకలో చెట్లకు నీళ్లు పెట్టడమే అతని బతుకు. వస్తే ఎవరూ చూడరు, వెళితే ఎవరూ అడగరు.

వనం చివర ముసలి గాఫ్ చెట్టు ఉంది. అచ్చంగా మన జమ్మే. దాని మొదట్లో నాలుగు నల్లరాళ్ల కింద పేరులేని సమాధి. అటు వెళ్లే ముసలి అరబ్బులు ఒంటె దిగి నడుస్తారు. బాషా రోజూ ఆ సమాధికి సలాం చెబుతాడు. పదకొండేళ్లలో బదులు వచ్చిందే లేదు. 2014 ఏప్రిల్‌లో ఆ ఉదయం మాత్రం సమాధి వైపు నుంచి బదులు సలాం వచ్చింది. చుట్టూ నరమానవుడు లేడు. నీళ్లు వృథా అవుతాయని పైపు మాత్రం వదల్లేదు.

రక్షిత వనానికి కంచె గీత ఇవాళే ఖాయమవుతుంది. బయట మిగిలినదంతా రేపు రోడ్డు కోసం చదును చేస్తారు. ప్రాణులు కాపురమున్న చెట్లనే లోపలికి తీసుకుంటారు; ముసలిచెట్టు గీతకు బయటే ఉంది. నిరుడు సర్వేవాళ్లు అడిగితే, తొర్రలో ఏ ప్రాణీ లేదని చెప్పింది బాషానే. అప్పటి నుంచి ఆ చెట్టు వైపు చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తోంది.

జీపు దిగిన ఆఫీసరు వైదేహి, బెజవాడ పిల్ల, కాగితాలు తీసింది. బాషా దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, ఆ తొర్రలో గుడ్లగూబ ఉండాది. పిల్లల్తో. పోయినేడు నేనే లేదంటి."

"అలా ఎందుకన్నారు బాషా గారూ?"

"దాని పేరెత్తినోడు బతకడని మా అమ్మ చెప్పేది. భయపడితి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే. చెట్టు పోతాదంటే ఇంకా భయం."

వైదేహి జీపును చెట్టు కింద ఆపించి, దాని బానెట్ ఎక్కి తొర్రలోకి టార్చి వేసింది. రెండు పసుపు కళ్లు మెరిశాయి. పట్టపగలు అది ఒక్కసారి కూసింది. ఆమె దిగి మళ్లీ కాగితాలు తీసింది. పాత గీత కొట్టేసి చెట్టునూ సమాధినీ కంచెలోకి తీసుకుంది. బాషా తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. అతనికి సంతోషంగా ఉంది.

"ఇవాళ్టికి పని ఖలాస్. నీడన కూర్చుని టీ తాగండి," అని తన ఫ్లాస్కూ, ఒక స్టీలు గ్లాసూ ఇచ్చి ఆమె గుంజలు పాతించడానికి వెళ్లింది.

గంటకు తిరిగొచ్చేసరికి బాషా చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అంత ఎండలోనూ చెయ్యి చల్లగా తగిలింది, ఊపిరి లేదు. ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో ఆగినట్టు పెదాలు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

కూలీలు అతన్ని జీపులోకి ఎక్కించారు. వైదేహి ఫ్లాస్కు అందుకుంది. అందులో చుక్క లేదు. స్టీలు గ్లాసు నిండా టీ ముట్టకుండా ఉంది. దాని పక్కనే, సమాధి రాళ్ల వైపున, ఎవరూ తేని పాత మట్టిముంత ఒకటి, అడుగున కాస్త టీతో, అంచు మీది తడి ఇంకా ఆరకుండా.