తొలి కోత

ఫిలిప్పు వడ్రంగి. అతని ఇంట్లో స్నానాలగదికి తలుపు లేదు. ఈ రెండు ముక్కలూ ఒకే ఇంటి గురించి చెప్పుకోవాల్సి రావడం అతని భార్య ఫెబాకు తలకొట్టేసినట్టుండేది.

గోడలు లేచాయి, పైన రేకు పడింది, లోపలికి కుళాయి వచ్చింది. తలుపు ఉండాల్సిన చోట మాత్రం యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా వేలాడుతూ ఉండేది. నాలుగు రోజులు ఓపిక పట్టమన్నాడు ఫిలిప్పు. ఆ సంచుల మీది అక్షరాలు కూడా వెలిసిపోయాయి.

"చెక్క ఆరాలే" అనేవాడు అడిగినప్పుడల్లా. తలుపు కోసం తెచ్చిన వేపచెక్కలు వసారా గోడకు చేరేసి ఉండేవి. వాటి వెనక కోడిపెట్ట గుడ్లు పెట్టింది, పిల్లల్ని లేపింది, ఆ పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లకొచ్చాయి. చెక్క మాత్రం ఆరలేదు. ఆరిందని ఒప్పుకోక తప్పని రోజున ఉలికి పదును లేదన్నాడు. పదును పెట్టాక తలుపు తిరిగే మంచి బందులు చిలకలూరిపేటలోనే దొరుకుతాయన్నాడు. బందులు తెచ్చాక వాన పట్టింది, వానకు చెక్క ఉబ్బుతుందన్నాడు. వాన వెలిశాక, ఉబ్బిన చెక్క మళ్లీ ఆరాలన్నాడు.

ఇంతకంటే ఉట్టి సోమరి అయినా బాగుండేదనుకునేది ఫెబా. సోమరి హాయిగా పడుకుంటాడు, వాణ్ణి తిట్టుకోవడం తేలిక. ఇతను పడుకోడు. పొద్దున్నే లేచి రంపం, చిత్రిక, ఉలులు అన్నీ చాప మీద పరిచి, నూనె రాసి, తుడిచి, మళ్లీ సంచిలో సర్దుతాడు. జక్రయ్య కొట్టుకు పోయి టీ తాగొస్తాడు. పనులు వాయిదా వేయడం మానుకోవడం ఎలాగో ఒకాయన ఫోనులో చెబుతుంటే శ్రద్ధగా తలాడిస్తూ సగం చూసి, "మంచి విషయాలు చెబుతున్నాడే, మిగతాది తీరిగ్గా చూడాలి" అని పక్కన పెడతాడు. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు బద్ధకం మీద ప్రసంగం చేస్తే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది అతనే. ఆ ఆమెన్ విని ఫెబా పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపొచ్చి కాదు.

ఆమెకు అంతు పట్టనిది ఇంకొకటుంది. ఎవరింట్లోనైనా గడియ ఊడిందనో, మంచం కోడు విరిగిందనో కబురొస్తే ఫిలిప్పు అన్నం మధ్యలో లేచి పరిగెత్తేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో మరమ్మతుకు అతన్ని మించినవాడు లేడు. కొత్త పని ఒప్పుకున్నాడంటే మాత్రం ఇక అంతే సంగతులు. రైతు బుల్లయ్యగారు పట్టెమంచం చెయ్యమని దించిపోయిన టేకు చెక్క, వేపచెక్కలకు తోడుగా అదే వసారాలో పడి ఉంది.

"వాడు పుట్టడం కూడా నెలలు దాటాకే పుట్టాడు" అనేది అతని తల్లి అంకమ్మ. "నెప్పులు నాకొచ్చాయిగానీ, వాడికేం తొందర లేదు."

మామూలు రోజుల్లో ఫెబా ఎలాగో సర్దుకునేది. మిరపకోతలు మొదలయ్యాయంటేనే నరకం. పొద్దంతా చేలో వంగి పండుకాయ కోసి వస్తే చేతులు, మెడ, మొహం, చెమట పట్టిన చోటల్లా మంట. ఇంటికి రాగానే ఒంటి మీద నీళ్లు పడాలి. తోటి ఆడవాళ్లు ఇళ్లకు పోయి తలుపులేసుకునేవాళ్లు. ఫెబా మాత్రం అత్తను పట్టా ముందు పీటేసి కాపలా కూర్చోబెట్టి, లోపలినుంచి "అత్తా, ఉన్నావా?" అని కేకలేస్తూ స్నానం చేసేది. "ఉన్నాలే" అనేది అంకమ్మ. జవాబు రాలేదంటే ముసలమ్మ కునికిందని అర్థం.

ఒక సాయంత్రం జవాబు రాలేదు. గాలి మాత్రం వచ్చింది. పట్టాను పట్టుకున్న మేకు ఊడి, పట్టా ఎగిరిపోయి వాకిట్లో పడింది. సరిగ్గా అప్పుడే తన మంచం సంగతి అడుగుదామని లోపలికి అడుగుపెట్టిన బుల్లయ్యగారు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"నేనేం చూళ్లేదమ్మాయ్! ఒట్టు, నేనేం చూళ్లేదు!" అని అరిచాడాయన, చేను ఆ చివరున్న ట్రాక్టరువాణ్ణి పిలిచే గొంతుతో.

పాపం మర్యాదకే అన్నాడు. కానీ ఆయన ఏం చూడలేదో తెలుసుకోవడానికి వీధి వీధంతా తలలు బయటపెట్టింది.

ఇంటికొచ్చి సంగతి విన్న ఫిలిప్పు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "రేపు పొద్దున్నే మొదలెడతా ఫెబా. అట్టాంటి ఇట్టాంటి తలుపు కాదు. పైపలక మీద ద్రాక్షతీగ చెక్కుతా, చూడు."

"ద్రాక్షతీగ" అంది ఫెబా, చేదుకాయ నమిలి ఉమ్మినట్టు.

తెల్లారింది. పక్క ఊళ్లో మోటారు షెడ్డు తలుపు ఊడిందని ఎవరో కబురు పెట్టారు. ఫిలిప్పు మొహం వెలిగింది. చిన్న సుత్తీ, ఉలీ చంకన పెట్టుకుని, "ఇట్టా పోయి అట్టా వస్తా" అని వెళ్లిపోయాడు. ఫెబా ఆ రోజు కోతకు పోలేదు. వసారాలోకి వెళ్లి అతని పనిముట్ల సంచి విప్పింది.

"వాడి సామాను ముట్టుకుంటే ఊరుకోడే" అంది అంకమ్మ.

"ఊరుకోకపోతే ఏం చేస్తాడత్తా? రేపు కోప్పడతాడు."

ఆమె ఎన్నడూ రంపం పట్టలేదు. చెక్కను కాలికింద తొక్కిపెట్టి కోసింది. గీత ఒక దారి, రంపం ఒక దారి పోయాయి. పోతే పోయిందనుకుంది. అడ్డపట్టీలు వేసి, దొరికిన మేకులన్నీ దిగ్గొట్టింది. కొన్ని వంగాయి, వంగినవాటిని అలాగే బాది పడేసింది. బొటనవేలు చితికింది. ద్రాక్షతీగను తలుచుకుని మళ్లీ బాదింది. మధ్యాహ్నం వాలేసరికి తలుపు నిలబడింది. కింద కోడి దూరేంత సందు, పైన ఒక మూల చెక్కకు చెక్క ఒరుసుకుంటూ కీచుమని అరుపు. కానీ మూసుకుంటుంది. ఫెబా లోపలికి పోయి, దాన్ని ఈడ్చి వేసుకుని, ఎవరినీ కేకెయ్యకుండా డ్రమ్ములో నీళ్లన్నీ అయిపోయేదాకా స్నానం చేసింది.

ఫిలిప్పు వచ్చేసరికి వాకిట్లో నలుగురు పోగయి ఉన్నారు. వడ్రంగి ఇంటికి పెళ్లాం తలుపు చేసిందట, చూసొద్దాం పదమని టీకొట్టు జక్రయ్యే వెంటబెట్టుకొచ్చాడు. "ఏరా ఫిలిప్పూ, నీ దగ్గర పని నేర్చుకుందా, నీకు నేర్పుతుందా?" అని నవ్వాడు. ఫిలిప్పు చెవులదాకా ఎర్రబడ్డాడు. అరుస్తాడనుకుంది ఫెబా. చేతులు కట్టుకుని ఎదురు నిలబడింది.

అతను అరవలేదు. తలుపు దగ్గరికి పోయి చేత్తో తడిమాడు. "బందు తలకిందులుగా బిగించావు" అన్నాడు. ఇంకాసేపు చూసి, "ఈ మూల మట్టానికి లేదు" అన్నాడు. ఆ తర్వాత తలుపు ఊడదీసి నేలమీద పరిచి, చిత్రిక అందుకున్నాడు. చెక్కపొట్టు ఉంగరాలుగా లేచింది. వంకర మేకులు పీకాడు, కింద సందుకు అతుకు వేశాడు, మూల సరిచేశాడు. పొద్దుగూకకముందే తలుపు ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకుంది.

ఫెబా అదంతా చూస్తూనే ఉంది. చూసేకొద్దీ కడుపు మండింది. "ఒక్క పూట పని. ఇన్నాళ్లూ ఈ చేతులు ఎక్కడ దాచుకున్నావయ్యా?"

"ఇది ముందే చెడిపోయింది గదా" అన్నాడు ఫిలిప్పు, నేల చూస్తూ. "చెడిందాన్ని నేను కొత్తగా చెడగొట్టేదేముంది?"

అప్పుడు చెప్పాడు. కుర్రతనంలో గుంటూరులో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పని నేర్చుకునేటప్పుడు టేకు పలక ఒకటి తప్పు కోశాడు. మేస్త్రి ఆ పలకను గోడకు కొట్టించి, దాని మీద సుద్దముక్కతో ఫిలిప్పు పేరు రాయించాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అది చదివి నవ్వేవాళ్లు. అప్పటినుంచి కొత్త చెక్క మీద రంపం పెడితే చాలు, ఆ పేరే కళ్లముందు కనబడుతుంది. విరిగిన వస్తువైతే ఆ తప్పు ఇంకెవరిదో. దాన్ని బాగుచేస్తే మెచ్చుకుంటారు.

ఫెబాకు జాలి వేస్తుందేమోనని అతను ఓరగా చూశాడు. వెయ్యలేదు. సంగతి అర్థమైంది, అర్థమయ్యాక ఇంకా రోత పుట్టింది.

"ఒక చెక్కముక్కకు జడిసి పెళ్లాన్ని గోతాం వెనక నిలబెట్టావా? ఆ మేస్త్రి నీ పేరు గోడ మీద రాస్తే, నువ్వు నా పరువు వీధిలో పరిచావు" అంది.

కానీ ఆమె తెలివైనది. తెల్లారి కోతకు పోయేముందు బుల్లయ్యగారి టేకు చెక్క లాగి, మంచం కోళ్లకని తెచ్చిన ముక్క మీద రంపం పెట్టి రెండు లాగులు లాగింది. "అది టేకే! టేకు!" అని ప్రాణం పోయినట్టు అరుస్తూ ఫిలిప్పు పరిగెత్తుకొచ్చి రంపం లాక్కున్నాడు. లాక్కున్నవాడు ఊరుకోలేకపోయాడు. ఆమె వేసిన వంకర గాటును సరిచెయ్యడానికి కూర్చుని సాయంత్రానికి మంచం కోళ్లు తీశాడు. మరునాడు పట్టెకు ఇంకో గాటు పెట్టి వెళ్లింది. అలా రోజూ ఒక చెక్కను పాడు చేసి పోవడం, అతను తిట్టుకుంటూ బాగుచెయ్యడం. బుల్లయ్యగారి మంచం పూర్తయింది. ఆయన దానిమీద కూర్చుని ఊగి చూసి, ఫెబాకేసి మాత్రం చూడకుండా వెళ్లిపోయాడు.

మందు దొరికిందనుకుంది ఫెబా. పూర్తిగా దొరకలేదు.

ఎండలు ముదిరాయి. ఆఖరి కోతకు పోయి వస్తూ జక్రయ్య కొట్టు ముందు ఆగితే అతను పకపకా నవ్వాడు. "కొట్టు ముందుకు చెయ్యమన్న నా బల్ల ఎప్పుడవుద్దంటే మీ ఆయన ఏమన్నాడో తెలుసా వదినా? ఫెబా కోతల్లో ఉంది, ఆమె వచ్చి తొలి గాటు పెడితేగానీ మొదలెట్టనన్నాడు."

ఫెబా ఒళ్లు మిరపమంటకంటే ఎక్కువగా మండింది. స్నానం సంగతి మరిచిపోయి నేరుగా వసారాలోకి నడిచింది. ఫిలిప్పు పనిముట్లకు నూనె రాస్తున్నాడు.

"చెక్కయింది, ఉలయింది, వానయింది. ఇప్పుడు నేనయ్యానా సాకు?"

"అది కాదే, నువ్వు ఒక్క గాటు…"

"నేను పెట్టను. నువ్వే కొయ్యి. వంకరగా కొయ్యి. నా ఎదురుగా పాడు చెయ్యి. నేను నవ్వుతాను, ఆ మేస్త్రికంటే గట్టిగా నవ్వుతాను. ఏమవుద్దో చూద్దాం."

అంకమ్మ పీట ఈడ్చుకుని వచ్చి కూర్చుంది, ఈసారి కునకలేదు. ఫిలిప్పు గీత గీశాడు, తుడిచాడు, మళ్లీ గీశాడు. ఫెబా కదల్లేదు. చివరికి రంపం పెట్టాడు. అది సగం దాకా సరిగ్గా పోయి, అక్కడ గీత దాటి పక్కకు పోయింది. అతను ఆగి తలెత్తాడు.

ఫెబా అన్నంత పనీ చేసింది. పళ్లన్నీ బయటపెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. అంకమ్మ కూడా నవ్వింది. "ఛీ, నేను కోసిందే నయం" అంది ఫెబా. ఫిలిప్పు మొహం మాడ్చుకుని ఆ నవ్వు ఆగేదాకా కూర్చున్నాడు. నవ్వు ఆగింది. చెక్క చేతిలోనే ఉంది. చెయ్యి కూడా ఎక్కడిదక్కడే ఉంది. కాసేపటికి అతనికీ మూతి చివర్న ఏదో కదిలింది.

"దీన్ని పొట్టి చేసి అడ్డకర్రకు వాడతా" అన్నాడు. ఇంకో చెక్క ముందుకు లాక్కున్నాడు.

అతను మారిపోయాడని ఫెబా ఎవరితోనూ అనలేదు. అనేంత మర్యాద ఆమెకు అతని మీద లేదు. నూనె రాయడం ఇప్పటికీ ఉంది, టీకి పోవడం ఉంది. కాకపోతే జక్రయ్య బల్ల ఆ వారంలోనే కొట్టు ముందుకు చేరింది. ఒక కాలు కాస్త పొట్టి. కూర్చున్నవాళ్లు ఒకవైపుకు ఒరిగి టీ తాగుతూ ఫిలిప్పును నోటికొచ్చినట్టు అంటారు. అతను వింటాడు, ఒక్కోసారి జవాబు కూడా చెబుతాడు. ఆ దారిన పోతూ ఫెబా విని, ఆగకుండా నడిచిపోతుంది.